ఆటల బడిలో అందరి బిడ్డలకూ చోటు

ఆదివారం ఉదయం ఆరాధనకు ఇంటిల్లిపాదీ బయలుదేరుతారు. అయితే మన పల్లెల్లో కొన్ని ఇళ్ళల్లో ఒక బిడ్డ మాత్రం నాయనమ్మ దగ్గరే ఉండిపోతుంది. నడక రాలేదని, మాట రాలేదని, నలుగురిలో ఉన్నట్టుండి కేకలు వేస్తుందని ఇంట్లోనే ఉంచుతారు. పెండ్లికి తీసుకుపోరు, అంగడికి తీసుకుపోరు. ఆ బిడ్డకు మూడేళ్ళు నిండుతాయి, నాలుగేళ్ళూ నిండుతాయి. వాడకట్టులోని తోటి పిల్లలు అంగన్‌వాడీకి పోతుంటే గడపలో కూర్చుని చూస్తూ ఉంటుంది. టీచర్ వచ్చి అడిగితే, "జర మంచిగైనంక తోలిస్తం టీచరమ్మా" అంటారు పెద్దలు.

ప్రియ తల్లిదండ్రులారా, ఇది ప్రేమతో అనే మాటే. బిడ్డ పడిపోతుందేమో, తోటి పిల్లలు కొడతారేమో, ఎవరైనా నవ్వుతారేమో అన్న భయం అందులో ఉంది. కానీ మూడు నుండి ఆరేళ్ళ మధ్య ఏ బిడ్డ అయినా ఎక్కువగా ఎదిగేది తోటి పిల్లల నడుమ, ఆటలోనే. మంచిగైన తరువాత పంపుదామని ఆగితే, ఏ ఆట వలన ఆ బిడ్డకు మేలు కలుగుతుందో ఆ ఆటనే మనం దూరం చేసినవారమవుతాము.

2011 జనాభా లెక్కల ప్రకారం మన దేశంలో ఆరేళ్ళ లోపు పిల్లల్లో ఏదో ఒక వైకల్యమున్నవారు 20 లక్షల పైచిలుకు. వైకల్యమున్న ఐదేళ్ళ పిల్లల్లో నలుగురిలో ముగ్గురు ఏ బడికీ వెళ్ళడం లేదని 2019లో యునెస్కో ప్రచురించిన నివేదిక చెప్పింది. ఆ ముగ్గురిలో జగిత్యాల దగ్గర బీడీలు చుట్టే తల్లి బిడ్డ ఉండవచ్చు. కోరుట్ల పక్క పల్లెలో తండ్రి గల్ఫ్‌కు పోయిన ఇంటి బిడ్డ ఉండవచ్చు. సిరిసిల్లలో సాంచాల చప్పుడు మధ్య పెరుగుతున్న బిడ్డ ఉండవచ్చు. గనుక ఇది ఎక్కడో ఉన్నవారి సంగతి కాదు, మన వాడకట్టు సంగతి.

ముంగిట్లోకి వచ్చిన బడి

అంగన్ అంటే ముంగిలి. మహారాష్ట్రలోని కోస్‌బాడ్ అనే ఆదివాసీ ప్రాంతంలో తారాబాయి మోదక్ అనే విద్యావేత్త, ఆమె సహచరి అనుతాయి వాఘ్ చిన్నపిల్లల కోసం ఎంతో శ్రమించారు. కూలికి పోయేవారి పిల్లలు బడికి రాకపోతే, బడినే పిల్లల దగ్గరకు తీసుకుపోయారు. ఇంటి ముంగిళ్ళలో, చెట్ల నీడలో, గులకరాళ్ళు, ఆకులు, గింజలు పెట్టి ఆటలాడించారు. ఆ ముంగిలి బడి ఆలోచనే తరువాత దేశమంతటికీ ఉపయోగపడింది. 1975 అక్టోబరు 2న సమగ్ర శిశు అభివృద్ధి పథకం మొదట 33 బ్లాకులలో ప్రారంభమైంది. నేడు అంగన్‌వాడీ లేని ఊరు అరుదు.

మన తల్లులు తెలుసుకోవలసిన సంగతి మరొకటి ఉంది. మాంటిస్సోరి బడులని పట్టణాల్లో పెద్ద పెద్ద ఫీజులు కట్టి చేర్పిస్తారు. ఆ పద్ధతి మొదట పుట్టింది ఎవరి కోసం? మరియా మాంటిస్సోరి ఇటలీ దేశపు వైద్యురాలు. 1900 ప్రాంతంలో ఆమె రోము నగరంలో బుద్ధిమాంద్యం గల పిల్లల బడిలో పనిచేశారు. వాళ్ళు ముట్టుకుని, పట్టుకుని, అమర్చి నేర్చుకోవడానికి తగిన పరికరాలు వాడారు. ఏమీ రాదని వదిలేసిన ఆ పిల్లల్లో కొందరు చదవడం, రాయడం నేర్చుకున్నారు. ఇదే పద్ధతిలో మామూలు పిల్లలకు నేర్పితే ఎలా ఉంటుందని ఆమె ఆలోచించారు. 1907 జనవరి 6న రోములో కూలీలు కాపురముండే సాన్ లొరెంజో పేటలో పిల్లల ఇల్లు ఒకటి తెరిచారు. తల్లిదండ్రులు పనికి పోతే మెట్ల మీద తిరిగే పిల్లలు ఆ ఇంట్లో చేరారు. 1939లో ఆమె మద్రాసుకు వచ్చి, యుద్ధకాలమంతా మన దేశంలోనే ఉండి ఎందరో ఉపాధ్యాయులకు శిక్షణ ఇచ్చారు. లోపమున్న బిడ్డల కోసం తయారైన ఆట చివరకు లోకంలోని పిల్లలందరికీ మేలు చేసిందన్నమాట.

ఒక రోజు ఎలా గడుస్తుంది?

అందరినీ కలుపుకొని నడిచే ఆటల బడిలో రోజంతా ఎలా సాగుతుందో చూద్దాము. పొద్దున పిల్లలు చెప్పులు విడిచి వరుసగా పెడతారు. అది కూడా పాఠమే. కుడి, ఎడమ, జత అనే మాటలు అక్కడే వస్తాయి. గోడకు ఒక తాడు కట్టి, ఒక్కొక్కరికి ఒక బొమ్మ ఉన్న అట్టముక్క ఇస్తారు. ఒకరిది మామిడిపండు, ఒకరిది కోడిపిల్ల. వచ్చినవారు తమ అట్టముక్కను తాడుకు తగిలించాలి. మాట రాని బిడ్డ కూడా "నేను వచ్చాను" అని ఆ విధంగా చెప్పగలుగుతుంది.

తరువాత గుండ్రంగా కూర్చుని పాటలు. చేతులూపుతూ, అభినయం చేస్తూ పాడితే వినికిడి లేని బిడ్డకూ అర్థమవుతుంది. అందరూ ఆ చేతి గుర్తులు నేర్చుకుంటారు గనుక ఆ బిడ్డతో మాట్లాడటం పిల్లలందరికీ వస్తుంది. ఆ తరువాత మూలకు ఒక ఆట. ఒక మూలన ఇసుక, ఒక మూలన బొమ్మరిల్లు, ఇంకొక మూలన పూసలు, రంగులు. ఎండ ముదరకముందే కొంతసేపు బయట ఆట. మధ్యాహ్నం అందరూ ఒకే వరుసలో కూర్చుని అన్నం, పప్పు, గుడ్డు తింటారు. కథ విని, కాసేపు పడుకుని, ఇంటికి పోతారు.

రోజూ ఒకే వరుసలో పనులు జరగడం చిన్న విషయం కాదు. ఆటిజం ఉన్న బిడ్డకు, తరువాత ఏమి జరుగుతుందో తెలియకపోతే భయం పుడుతుంది. పాట, ఆట, అన్నం, నిద్ర అని నాలుగు బొమ్మలు గీసి గోడకు వరుసగా అతికిస్తే చాలు, ఆ బిడ్డ కుదుటపడుతుంది. శబ్దం ఎక్కువైనప్పుడు పోయి కూర్చోవడానికి ఒక మూలన చాప, దిండు ఉంచాలి. అది శిక్షగా కూర్చోబెట్టే మూల కాకూడదు.

అన్నం దగ్గర ఒక జాగ్రత్త చెప్పాలి. మెడ నిలవని బిడ్డకు, మింగడం కష్టమైన బిడ్డకు పడుకోబెట్టి తినిపించరాదు. అన్నం గొంతుకు అడ్డుపడే ప్రమాదముంది. గోడ మూలకు దిండ్లు పెట్టి నిటారుగా కూర్చోబెట్టి, మెత్తగా పిసికి, కొంచెం కొంచెంగా పెట్టాలి.

ఆటలో ఏమి పని జరుగుతుంది?

"ఆడుకోవడానికి బడికి పంపాలా, ఇంట్లో ఆడుకోలేరా?" అని కొందరు అడుగుతారు. ఆట చూడటానికి తేలికగానే ఉంటుంది, కానీ లోపల పెద్ద పని జరుగుతుంది. సిరిసిల్లలో సాంచాల దగ్గర నూలు అయిపోయిన ఖాళీ కండెలు దొరుకుతాయి. వాటిని శుభ్రంగా కడిగి, ఒక దారానికి ఎక్కించమని బిడ్డకు ఇవ్వండి. ఒక చేతితో పట్టుకోవాలి, రెండవ చేతితో దారం దూర్చాలి, కన్ను రెండింటినీ కలపాలి. రేపు పలక మీద బలపం పట్టేది ఆ వేళ్ళే, గుండీ పెట్టుకునేది ఆ వేళ్ళే. చేతులు బిగుసుకుపోయే సెరిబ్రల్ పాల్సీ ఉన్న బిడ్డకైతే లావు కండెలు, లావు దారం ఇస్తే సరిపోతుంది.

మక్కలు, పెసర్లు, బబ్బెర్లు కలిపి పోసి, వేరు చేయమంటే అది లెక్కల పాఠము. ముంజకాయల బండి తోయడం కాళ్ళకు, నడుముకు బలము. బంక మట్టి పిసకడం అరచేతికి వ్యాయామం. అంగడి ఆట ఆడితే, "ఎంతకిస్తవు?", "రెండియ్యి" అని మాటలు వాటంతట అవే వస్తాయి. మాట ఆలస్యమైన బిడ్డకు ఇంతకంటే మంచి మందు లేదు. అయితే గింజలు, పూసలు ముక్కులో, నోట్లో పెట్టుకుంటారు గనుక పక్కన పెద్దవారు తప్పక ఉండాలి.

ఇక్కడ గుర్తుంచుకోవలసిన సూత్రం ఒక్కటే. ఆటకు తగినట్టు బిడ్డను మార్చలేము, బిడ్డకు తగినట్టు ఆటను మార్చగలము. చూపు లేని బిడ్డ ఉంటే బంతికి మువ్వలు కట్టండి, లేదా చిన్న డబ్బాలో చింతగింజలు పోసి మూత బిగించి దొర్లించండి. నడవలేని బిడ్డ ఉంటే అందరూ కాళ్ళు చాపుకుని కూర్చుని బంతిని ఒకరి వైపు ఒకరు దొర్లించుకోవచ్చు. దాగుడుమూతల్లో నడక లేని బిడ్డ కళ్ళు మూసుకుని లెక్కపెట్టవచ్చు. అప్పుడు ఆ బిడ్డ లేకుండా ఆట మొదలుకాదు.

దీనివల్ల మిగతా పిల్లలకు నష్టమా? కొందరు తల్లులకు ఆ భయముంది. "మా పిల్లలకు కూడా అంటుకుంటుందేమో" అంటారు. వైకల్యం అంటువ్యాధి కాదు. తన వంతు వచ్చేదాకా ఆగడం, ఎదుటివారికి అర్థమయ్యేలా చెప్పడం, పడిపోయినవారిని లేపడం మిగతా పిల్లలు అక్కడే నేర్చుకుంటారు. మూడేళ్ళ పిల్లలకు ఎదుటివారి లోపం కంటే వారి చేతిలోని బొమ్మ ముందు కనబడుతుంది. వేరుగా చూడటం వారికి మనమే నేర్పుతాము.

ఇంకొక మాట. మూడేళ్ళు నిండీ నిండగానే పిల్లలను వ్యానుల్లో ఎక్కించి, ఎల్‌కేజీలో చేర్చి, పుస్తకం నిండా ఏబీసీడీలు రాయించే అలవాటు మన దగ్గర పెరిగింది. ఆ వయసులో వేళ్ళ కండరాలు రాతకు సిద్ధంగా ఉండవు. 2020 జాతీయ విద్యావిధానం కూడా ఈ వయసు పిల్లలకు ఆట ద్వారానే చదువు నేర్పాలని చెప్పింది. రాతతోనే కొలిచే చోట లోపమున్న బిడ్డ మొదటి రోజే వెనుకబడుతుంది. ఆటతో మొదలుపెట్టే చోట ఆ బిడ్డకూ ఏదో ఒకటి చేతనవుతుంది.

ఇది ఎవరి పాపము?

బిడ్డను దాచిపెట్టడానికి సిగ్గు ఒక కారణమైతే, నింద ఇంకొక కారణము. "ఏ పాపం చేశారో" అని ఊరివారు అంటారు. చాలాసార్లు ఆ నిందను తల్లి ఒక్కతే మోస్తుంది. యోహాను సువార్త తొమ్మిదవ అధ్యాయంలో శిష్యులు కూడా పుట్టు గుడ్డివానిని చూసి ఇదే ప్రశ్న అడిగారు. ప్రభువు ఆ ప్రశ్ననే తోసివేశారు. ఆ మనిషి మీద గాని, అతని కన్నవారి మీద గాని నేరం మోపనివ్వలేదు. మరి మనమెవరము మోపడానికి?

కారణాలు వేరే ఉన్నాయి. కాన్పు సమయంలో బిడ్డ మెదడుకు ప్రాణవాయువు అందకపోవడం, నెలలు నిండకుండా పుట్టడం, పుట్టిన వెంటనే వచ్చిన కామెర్లు ముదరడం, మెదడు జ్వరం, గర్భిణికి రుబెల్లా సోకడం, అయోడిన్ లోపం, వంశపారంపర్యంగా వచ్చే కొన్ని జబ్బులు. కొన్నిటికి కారణం వైద్యులకూ అంతుపట్టదు. ఒకప్పుడు పోలియో వల్ల కాలు చచ్చుబడిన పిల్లలు ఊరూరా ఉండేవారు. దాన్నీ శాపమనే అన్నారు. చుక్కల మందు వేయగా వేయగా 2011 జనవరి తరువాత మన దేశంలో ఆ సహజ పోలియో కేసు రాలేదు. 2014 మార్చి 27న భారతదేశానికి పోలియో రహిత ధ్రువీకరణ లభించింది. శాపమే అయితే చుక్కల మందుకు పోయేదా?

పిలిచే పేర్లు కూడా మార్చుకుందాము. కుంటోడు, మూగది, పిచ్చిది, మొద్దు అనే పిలుపులు మన ఇళ్ళల్లో వినబడకూడదు. తల్లిదండ్రులు పెట్టిన పేరు ఉన్నది, దానితోనే పిలవండి.

ముందుగా గుర్తించండి

తొమ్మిది నెలలు నిండినా బిడ్డ ఆధారం లేకుండా కూర్చోకపోతే, ఏడాది వయసులో పేరు పెట్టి పిలిచినా తిరిగి చూడకపోతే, 18 నెలలకు నడక రాకపోతే, రెండేళ్ళకు రెండు మాటలు కలిపి చెప్పలేకపోతే ఆలస్యం చేయవద్దు. "వాళ్ళ నాయనకు కూడా ఆలస్యంగానే మాటలు వచ్చినయి" అని ఊరుకోవద్దు. సాంచాల మోతలో అందరూ గట్టిగానే మాట్లాడతారు గనుక, బిడ్డకు వినబడటం లేదన్న సంగతి ఎవరికీ తోచకపోవచ్చు. వెనుక నిలబడి మెల్లగా పిలిచి చూడండి. మాట నేర్చుకునే వయసు దాటకముందే వినికిడి పరీక్ష జరగాలి.

ఇందుకు ఉన్న సదుపాయాలు తెలుసుకోండి. 2013లో ప్రారంభమైన రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద వైద్య బృందాలు అంగన్‌వాడీ పిల్లలను ఏడాదికి రెండుసార్లు పరీక్షించాలి. పుట్టుకతో వచ్చిన లోపాలు, జబ్బులు, పోషక లోపాలు, ఎదుగుదలలో ఆలస్యం, ఈ నాలుగింటిని వారు చూస్తారు. అవసరమైతే జిల్లా సత్వర చికిత్స కేంద్రానికి పంపుతారు. బడికి రాని బిడ్డ ఆ బృందం కంట పడదు. ఇంట్లో దాచినందువల్ల కలిగే మొదటి నష్టం ఇదే.

2023 నవంబరు 28న కేంద్ర ప్రభుత్వం దివ్యాంగ బాలల కోసం అంగన్‌వాడీ ప్రోటోకాల్ విడుదల చేసింది. లోపాన్ని ముందే కనిపెట్టడం, ఆ బిడ్డను అంగన్‌వాడీలోను ఊరి కార్యక్రమాల్లోను కలుపుకోవడం, ఆశా కార్యకర్త, ఏఎన్ఎం ద్వారా వైద్యానికి పంపడం అనే మూడు మెట్లు అందులో ఉన్నాయి. కాబట్టి మీ బిడ్డను చేర్చుకోమని మీరు అడిగేది దయ కాదు. 2016 దివ్యాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది. అంతకుముందు 1995 చట్టంలో ఉన్నవి ఏడే. ఆరేళ్ళు దాటిన తరువాత సమగ్ర శిక్ష కింద మండలాల్లో నడిచే భవిత కేంద్రాలు తోడుంటాయి. అక్కడ ప్రత్యేక ఉపాధ్యాయులు చదువు చెబుతారు, ఫిజియోథెరపీ కూడా చేయిస్తారు. మీ మండలంలో ఆ కేంద్రం ఎక్కడుందో ఎంఈఓ కార్యాలయంలో అడగండి. బుద్ధిమాంద్యం విషయంలో లోతైన పరీక్ష, సలహా కావాలంటే 1984లో స్థాపించిన జాతీయ సంస్థ సికింద్రాబాదులోని మనోవికాస్ నగర్‌లో ఉంది.

కష్టాలు లేవా?

ఉన్నాయి. ఒక టీచర్, ఒక ఆయా, పాతిక ముప్పై మంది పిల్లలు. పైగా బరువులు తూయాలి, రిజిస్టర్లు రాయాలి, ఫోనులో వివరాలు ఎక్కించాలి. చాలా కేంద్రాలకు మెట్లే ఉన్నాయి, ర్యాంపు లేదు. టీచర్లకు ఈ విషయంలో ఇచ్చే శిక్షణ కొద్ది రోజులే. బీడీలు చుట్టే తల్లి బిడ్డను కరీంనగర్ తీసుకుపోతే ఆ రోజు కూలి పోతుంది. 2023 డిసెంబరు 9 నుండి ఆర్టీసీ పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సుల్లో ఆడవారికి ఉచిత ప్రయాణం వచ్చింది గనుక ఛార్జీ భారం కొంత తగ్గింది. కానీ పోయిన కూలిని ఎవరు ఇస్తారు? తండ్రి గల్ఫ్‌లో ఉంటే ఆసుపత్రి, బడి, ఇల్లు అన్నీ ఆమె ఒక్కతే చూసుకోవాలి.

తెలంగాణ ప్రభుత్వం దివ్యాంగుల పింఛనును 2023లో నెలకు 4,016 రూపాయలకు పెంచింది. అది ఇంటికి ఆసరాయే. కానీ పింఛను చేతికి వచ్చిందని బిడ్డ చదువు సంగతి మరచిపోకూడదు. ఆ డబ్బులో కొంత ఆ బిడ్డ వైద్యానికి, ఆటకు, ప్రయాణానికి ఖర్చు కావాలి. ఇంకొక సంగతి, అంగన్‌వాడీలో చేర్చడానికి వైకల్య పత్రం చేతికి వచ్చేదాకా ఆగనవసరం లేదు.

మన సంఘములు ఏమి చేయగలవు?

ఈ కష్టాల్లో మన చేతనైనవి కొన్ని ఉన్నాయి. మొదటిది, సంఘ పెద్దలు, స్త్రీల సమాజమువారు ఇల్లిల్లూ తిరిగి, ఆరేళ్ళ లోపు బిడ్డ ఎవరైనా ఇంట్లో ఉండిపోయారేమో చూడాలి. తల్లిని తప్పుపట్టడానికి వెళ్ళవద్దు. ఆమె పక్కన కూర్చుని, మొదటి వారం బిడ్డను అంగన్‌వాడీకి తీసుకుపోవడానికి తోడు రండి. రెండవది, అంగన్‌వాడీ మెట్ల పక్కన, మన ప్రార్థన మందిరపు మెట్ల పక్కన చిన్న ర్యాంపు కట్టించండి. మేస్త్రీ పని తెలిసినవారు మన సంఘములలో ఎందరో ఉన్నారు. కొంత ఇసుక, కొంత సిమెంటు, ఒకటి రెండు రోజుల శ్రమ చాలు.

మూడవది, సండే స్కూలు పెద్ద పిల్లలు కండెలు, అట్టముక్కలు, గుడ్డపేలికలతో బొమ్మలు చేసి అంగన్‌వాడీకి ఇవ్వవచ్చు. ఆ సండే స్కూలులోనే లోపమున్న బిడ్డకు ముందు వరుసలో చోటు ఇవ్వండి. నాలుగవది, ఆసుపత్రి రోజున ఆ తల్లికి తోడు వెళ్ళండి. ఆమె వచ్చేదాకా మిగతా పిల్లలను పొరుగువారు చూసుకోండి. అంగన్‌వాడీలో నెలకొకసారి తల్లిదండ్రులను పిలిచే రోజు ఉంటుంది. ఆ రోజు తండ్రులు కూడా వెళ్ళండి. గల్ఫ్‌లో ఉన్న తండ్రులు ఫోనులో "బిడ్డ అన్నం తిన్నదా?" అని అడగడంతో ఆగకుండా, "ఈ రోజు ఏమి ఆట ఆడింది?" అని అడగండి.

ప్రియ పాఠకులారా, ఆట వలన లోపమంతా పోతుందని ఎవరూ చెప్పలేరు. కొందరు బిడ్డలు ఎప్పటికీ నడవకపోవచ్చు, కొందరికి మాటలు రాకపోవచ్చు. అయినా చెంచా పట్టుకోవడం, తన వంతు కోసం ఆగడం, ఒక స్నేహితుని చేయి పట్టుకోవడం వారికి వస్తాయి. పేరు పెట్టి పిలిచేవారు ఊరిలో పదిమంది ఏర్పడతారు. తల్లిదండ్రులు పోయిన తరువాత ఆ బిడ్డకు అండగా నిలిచేది ఆ పదిమందే. మూడు నుండి ఆరు వరకు ఉన్నవి మూడేళ్ళే. జూన్ నెల వచ్చేదాకా ఆగవద్దు. రేపు ఉదయం అంగన్‌వాడీ తెరిచే వేళకు బిడ్డను చంకనెత్తుకుని వెళ్ళి, చాప మీద ఎక్కడ కూర్చోబెట్టాలో టీచరమ్మను అడగండి.